నామానికి యజమాని ఎవరు?



అర్చకుని జీవితం నామాలతోనే గడుస్తుంది. ప్రాతఃకాలంలో స్వామికి సహస్రనామార్చన, ఆ తరువాత వచ్చిన భక్తుల గోత్రనామాలు, సాయంకాలం అష్టోత్తరాలు. ముప్పది సంవత్సరాలకు పైగా ఈ నోటితో ఎన్ని పేర్లు పలికానో లెక్క లేదు. అయినా ఒక పేరు ఎవరికి చెందుతుంది అన్న ప్రశ్నను నేను నిజంగా విచారించినది గత సంవత్సరమే. ఆ విచారణకు నన్ను నెట్టినది డెబ్భై ఏళ్లు దాటిన ఒక తల్లి అడిగిన చిన్న మాట.

మాది గోదావరి తీరాన ఒక చిన్న గ్రామం, శివాలయం. కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖను గురుముఖతః క్రమాంతం అధ్యయనం చేసి, తండ్రిగారి తరువాత ఈ ఆలయంలో అర్చకత్వం స్వీకరించాను. ఏకాదశినాడు మండపంలో చెప్పే ఉపనిషద్విషయాలను 2009 కార్తికమాసం నుండి నాలుగు పుటల సంచికగా ముద్రించి భక్తులకు ఉచితంగా పంచడం ఆరంభించాను. రాజమహేంద్రవరంలో ఒక ముద్రాపకుడు కాగితం ఖరీదు మాత్రమే తీసుకొని అచ్చు వేసి ఇచ్చేవాడు. సంచికకు ఒక పేరు కావలసి వచ్చినది. ఉపనిషత్తు నుండి రెండు పదాలు గ్రహించి, సమాసం చేసి పెట్టాను. ఆ పేరును ఇక్కడ వ్రాయను. వ్రాస్తే ఈ వృత్తాంతంలోని రెండవ పక్షం ఎవరో తెలిసిపోతుంది. వారిని నలుగురిలో నిలబెట్టడం ఈ వ్యాసానికి ప్రయోజనం కాదు.

కాలక్రమాన ఆ సంచిక కాగితం దాటి వాట్సాప్‌లోకి వెళ్లినది. మా ఊరి వారి పిల్లలు హైదరాబాదులోను, అమెరికాలోను చదివి తమ మిత్రులకు పంపసాగారు. మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. ఒకసారి సంక్రాంతికి వచ్చినప్పుడు, "నాన్నగారూ, ఈ పేరును ట్రేడ్‌మార్కు చేయించుకుందాం. రేపు ఎవరైనా ఇదే పేరు పెట్టుకుంటే మనం ఏమీ అనలేము" అన్నాడు. నేను నవ్వి, "ఉపనిషత్తులోని మాటకు నేను పట్టా చేయించుకోవడమేమిటిరా? నామం భగవంతునిది. ఎవరు వాడుకుంటే మనకేమి?" అన్నాను. వాడు మరి మాట్లాడలేదు. ఆనాడు నా సమాధానం వైరాగ్యమనే అనుకున్నాను. అందులో అలసత్వం ఎంత ఉన్నదో తరువాత తెలిసినది.

గత సంవత్సరం మాఘమాసంలో, అభిషేకాలు ముగిసి గర్భాలయం తలుపు దగ్గరకు వేస్తున్న వేళ, తణుకు నుండి ఆ తల్లి వచ్చారు. భర్త బ్రతికి ఉన్న రోజులలో దంపతులిద్దరూ ప్రతి కార్తిక సోమవారం మా ఆలయానికి వచ్చేవారు. ఆమె చేతిలో కొబ్బరికాయ, అరటిపళ్లు, నా కోసం ఒక పంచెల చాపు.

"పంతులుగారూ, మీ చేతి చలవ. మా మనవడికి గుండె ఆపరేషను బాగా జరిగింది. మీరు చేసిన మృత్యుంజయ హోమమే వాణ్ణి నిలబెట్టింది" అన్నారు.

"ఏ హోమమమ్మా?" అన్నాను.

ఆమె చరవాణి తీసి చూపారు. మా సంచిక పేరే. క్రింద దీపం బొమ్మ. శస్త్రచికిత్స జరిగే రోజున మృత్యుంజయ హోమం కొరకు 1,116 రూపాయలు అందినట్లు రసీదు. ఫోను నంబరు మాత్రం మాది కాదు. ఎవరో అదే పేరుతో హోమాలు, జపాలు చేయించే ఒక సేవ నడుపుతున్నారు. ఆమె ఆ పేరు చూచి, ఇది మన శివాలయం పంతులుగారిదే అనుకొని, మనవడి నామగోత్రాలు వ్రాసి సొమ్ము పంపారు.

ఒక్క క్షణం మౌనంగా ఉండిపోవచ్చునని మనస్సు చెప్పినది. పిల్లవాడు క్షేమంగా ఉన్నాడు, ఈమె సంతోషంగా ఉన్నారు, ఏమి పోయినది? కానీ స్వామి ఎదుట నిలబడి చేయని కర్మకు కృతజ్ఞత స్వీకరించడానికి నోరు రాలేదు. "అమ్మా, ఆ హోమం చేసినది నేను కాను. ఆ పేరు మా సంచికది, కానీ ఆ మనుషులు వేరు" అని చెప్పాను.

ఆమె ముఖంలో వెలుగు తగ్గినది. కాసేపటికి, "మరి ఆ రోజు మీరు దీపం దగ్గర వాడి పేరు చెప్పలేదా?" అని అడిగారు.

"లేదమ్మా" అన్నాను.

"ఉదయం ఏడింటికి లోపలికి తీసుకువెళ్లారు. పన్నెండుకు బయటికి తెచ్చారు. ఆ ఐదు గంటలూ ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఇప్పుడు మన గుళ్లో వాడి పేరు చెబుతున్నారు, ఇప్పుడు పూర్ణాహుతి అవుతోంది అనుకుంటూనే గడిపాను." ఆమె స్వరంలో నింద లేదు. ఆ నిర్నింద నాకు మరింత బరువైనది. చివరకు తానే, "పోనీలెండి. ఎక్కడ చెప్పినా ఆ స్వామే విన్నాడు" అని నవ్వి, పంచెల చాపు అరుగు మీద పెట్టారు. నేను వద్దంటే, "తెచ్చినది వెనక్కి తీసుకువెళ్లను" అన్నారు. మరునాడు ఆ పిల్లవాని నామగోత్రాలతో హోమం చేసి, భస్మం, ప్రసాదం తణుకు పంపాను. అది చేయవలసినదే. అయితే ఆ ఐదు గంటలు తిరిగి వచ్చేవి కావు.

ఆ రాత్రి రసీదులోని నంబరుకు ఫోను చేశాను. ఎవరో ముప్పది ఏళ్ల లోపు యువకుడు మాట్లాడాడు. మోసగాడేమో అని ఊహించుకొని సిద్ధంగా ఉన్నాను. అతడు మర్యాదగా, "గురువుగారూ, హోమం చేశామండీ. ఆ రోజు వచ్చిన నామగోత్రాలన్నీ కలిపి సంకల్పం చెప్పించాము. ప్రసాదం కూడ పంపాము, చిరునామా సరిగా లేక తిరిగి వచ్చింది" అన్నాడు. మా సంచిక సంగతి అతనికి తెలియదట. నేను పేరు విషయం ఎత్తగానే, కొంచెం ఆశ్చర్యంతో, "అది ఉపనిషత్తులో మాట కదండీ. మీదెలా అవుతుంది?" అన్నాడు.

నా దగ్గర సమాధానం లేదు. సంక్రాంతినాడు మా అబ్బాయితో నేను అన్నమాటే అది. నా వాక్యమే నా ఎదుట వచ్చి నిలబడినది. "మళ్లీ మాట్లాడతాను నాయనా" అని పెట్టేశాను.

తరువాతి కొన్ని రోజులు నా మనస్సు ఏమి చేసినదో సాధకుల ప్రయోజనార్థం దాచకుండా వ్రాస్తాను. సాయంసంధ్యలో గాయత్రీ జపానికి కూర్చుంటే, మాల తిరుగుతూనే ఉన్నది, మనస్సు మాత్రం ఆ రసీదు మీద ఉన్న పేరు దగ్గరే తిరిగినది. పదునాలుగేళ్లుగా నేను వ్రాసినది, నేను పెంచినది, నా పేరు. ఆ తల్లికి కలిగిన దుఃఖాన్ని తలచుకొని బాధపడుతున్నానని నాకు నేను చెప్పుకొన్నాను. నిదానంగా చూస్తే ఆ బాధలో సగమే ఆమెది. మిగిలిన సగం మమకారానిది. పేరుకు పట్టా ఏమిటని నవ్వినవాడే, ఆ పేరు ఇంకొకరి దీపం క్రింద కనబడగానే మండిపడ్డాడు. త్యాగం చేశాననుకొన్న వస్తువును నిజానికి విడువలేదని, దానిని ఎవరూ అడగలేదు గనుక విడిచినట్లు కనబడినదని తెలిసినది.

అప్పుడు ఛాందోగ్యంలోని సప్తమాధ్యాయం మళ్లీ తీశాను. నారదుడు సనత్కుమారుని దగ్గరకు వెళ్లి, తాను చదివిన వేదాలు, ఇతిహాసపురాణాలు, సమస్త విద్యలు ఏకరువు పెట్టి, అయినా శోకం తీరలేదని చెప్పుకొంటాడు. ఇదంతా నామమే అంటాడు సనత్కుమారుడు. ఈ ఘట్టాన్ని మండపంలో ఎన్నిసార్లు చెప్పానో. ప్రతిసారీ 'ఇదంతా పేరు మాత్రమే' అని, నామాన్ని తక్కువ చేసే ధోరణిలోనే చెప్పాను. ఈసారి చదివితే తరువాతి మాట కంటికి ఆనినది. నామాన్ని పారవేయమని ఆచార్యుడు అనలేదు. నామాన్ని ఉపాసించమన్నాడు. నామం ఎంతవరకు వెళుతుందో అంతవరకు దాని ఉపాసకుని గతి అన్నాడు. దానికంటె అధికమైనది ఉన్నదా అని శిష్యుడు అడిగిన తరువాతనే వాక్కుకు, మనస్సుకు, చివరకు భూమతత్త్వానికి తీసుకువెళ్లాడు. మెట్టు మీద నిలిచిపోకూడదు, నిజమే. మెట్టు ఊడిపోయినా పట్టించుకోకపోవడం మాత్రం జ్ఞానమెలా అవుతుంది? ఆ తల్లి ఆ మెట్టు మీదనే కదా కాలు పెట్టినది!

మన సంప్రదాయం నామాన్ని ఎలా వాడుకొన్నదో పరిశీలించాను. వేదం అపౌరుషేయం, దానికి కర్త లేడు. మంత్రం ఋషి సొత్తు కాదు, ఆయన ద్రష్ట మాత్రమే. అయినా వినియోగానికి ముందు ఋషిని, ఛందస్సును, దేవతను స్మరించకుండా మంత్రాన్ని ముట్టుకోము. ఉపనయనం నాడు నేర్చుకొన్న అభివాదంలోనూ అంతే. ముందు ఋషుల ప్రవర, తరువాత గోత్రం, సూత్రం, శాఖ, అన్నిటికీ చివర మన పేరు. అందులో 'ఇది నా ఆస్తి' అన్న ధ్వని ఎక్కడా లేదు. 'నేను ఎక్కడి నుండి వస్తున్నానో తెలుసుకొని ఆశీర్వదించండి' అన్న వినతి ఉన్నది. మన వాగ్గేయకారుల ముద్రలూ ఇటువంటివే. అన్నమాచార్యుల పదాలలో వేంకటేశుడు, క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాలుడు, దీక్షితుల కీర్తనలలో గురుగుహుడు ముద్రలై నిలిచారు. దేవుని పేరును వారెవరూ తమ పేర వ్రాయించుకోలేదు. ఈ పాట ఎవరి గొంతు నుండి వచ్చినదో వినేవానికి తెలియడానికి ఒక గుర్తు వేశారు. ఆ గుర్తు వలన పాటలోని ప్రతి మాటకు వారు జవాబుదారులయ్యారు.

ఇంత ఆలోచించిన తరువాత, మా ఆలయానికి వచ్చే ఒక న్యాయవాది మిత్రుని అడిగాను. ఆయన చెప్పినది విని ఆశ్చర్యపోయాను. న్యాయశాస్త్రం నేను ఊహించుకొన్నంత లోభశాస్త్రం కాదు.

మన దేశంలో దీనికి 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం ఆధారం. అది 2003 సెప్టెంబరు 15 నుండి అమలులో ఉన్నది. ఒక పదాన్ని నమోదు చేయించుకొంటే ఆ పదం లోకమంతటా మనదైపోదు. వస్తువులను, సేవలను 45 తరగతులుగా విభజించారు. ముద్రిత సామగ్రి 16వ తరగతి, బోధన 41వ తరగతి. ఏ తరగతికి నమోదైనదో ఆ పరిధిలోనే హక్కు. అది 10 సంవత్సరాలు ఉంటుంది, మళ్లీ రుసుము కట్టి పొడిగించుకోవాలి. ఎవరి వలన కొనుగోలుదారుకు, అంటే మన విషయంలో భక్తునికి, ఇది వారిదా వీరిదా అన్న భ్రాంతి కలిగే అవకాశం ఉన్నదో వారిని నివారించడమే ఆ హక్కుకు ప్రాణం. శుక్తిలో రజతం కనబడడాన్ని మనం అధ్యాసకు దృష్టాంతంగా చెబుతాము. ఈ చట్టం వ్యవహారంలో అటువంటి భ్రాంతినే దోషంగా ఎంచినది.

"మరి వేదంలోని మాటను ఒకడు తనది అనవచ్చునా?" అని అడిగాను. ఆయన ఒక వ్యాజ్యం సంగతి చెప్పారు. బీహారుకు చెందిన ఒక వర్తకుడు అగరువత్తులకు రామాయణం పేరును నమోదు కోరాడు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లినది. 2015లో తీర్పు వచ్చినది. వాల్మీకి మహర్షి రచించిన పవిత్రగ్రంథం పేరును, కేవలం ఆ పేరునే, ఏ వస్తువుకైనా ఒకరి సొంత గుర్తుగా నమోదు చేయడం కుదరదని న్యాయస్థానం చెప్పినది. ప్రజల మతవిశ్వాసాలను నొప్పించగల గుర్తులను నమోదు చేయరాదని చట్టంలో 9వ సెక్షను కూడ ఉన్నది. పదాలు, బొమ్మ కలిసి ఉన్న గుర్తును నమోదు చేసినప్పుడు హక్కు ఆ మొత్తం కూర్పుకే గాని, అందులోని సామాన్యపదానికి విడిగా రాదని 17వ సెక్షను చెబుతున్నది. ముందునుండి వాడుతున్నవానిని, తరువాత నమోదు చేయించుకొన్నవాడు తొలగించలేడని 34వ సెక్షను. నిజాయితీతో ఏకకాలంలో వాడుకొంటున్న ఇద్దరికీ చోటు ఇవ్వగల అధికారం 12వ సెక్షనులో ఉన్నది. అసలు నమోదే లేకపోయినా, ఒకరి మంచిపేరును తనదిగా చలామణి చేసేవానిపై దావా వేసే మార్గం పూర్వంనుండి ఉన్నది.

ఇది విన్నప్పుడు నాకు తిరుపతి లడ్డు గుర్తుకు వచ్చినది. 2009లో దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు, ప్రసాదానికి వ్యాపారపు ముద్ర ఏమిటని మా మండపంలో చర్చ జరిగినది. నేను కూడ విమర్శించినవాడినే. అది వేరే చట్టం, వేరే గుర్తింపు. ఉద్దేశం మాత్రం ఇటువంటిదే. దూరదేశం నుండి వచ్చిన యాత్రికుని చేతిలో ఎవరో బయట చేసిన లడ్డు పెట్టి 'ఇది స్వామి ప్రసాదం' అంటే, పోయేది దేవస్థానం సొమ్ము మాత్రమేనా? కళ్లకద్దుకొన్న ఆ యాత్రికుని భావం మాటేమిటి? ఆనాడు నేను ఇంతదూరం ఆలోచించలేదు.

దరఖాస్తు చేద్దామని నిశ్చయించాము. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. వ్యక్తి తన పేర ఆన్‌లైన్‌లో వేస్తే తరగతికి 4,500 రూపాయల రుసుము. న్యాయవాది మిత్రుడు ఒక్కొక్క గడి చదువుతూ నింపుతున్నారు. ఒక గడి దగ్గర ఆగి, "ప్రొప్రయిటర్, అంటే యజమాని. మీ పేరు వ్రాస్తున్నాను" అన్నారు.

నా చేయి ఆయన చేతి మీద పడినది. "ఆగండి. స్వామి పేరు వ్రాయవచ్చునా?"

ఆయన నవ్వి, "దేవునికి ఆస్తి ఉండవచ్చునని మన న్యాయస్థానాలు ఎప్పుడో అంగీకరించాయి. కానీ ఆయన తరఫున దేవాదాయశాఖ అధికారి సంతకం చేయాలి. పైగా ఈ సంచిక ఆలయం డబ్బుతో వేసినది కాదు, మీరు సొంతంగా వేసినది. ఇంకొక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇందులో మీరు ఒక ఉపనిషద్వాక్యానికి తప్పు అర్థం వ్రాశారనుకోండి. దానికి కూడ శివుడే జవాబు చెప్పాలా?" అన్నారు.

ఒకరోజు గడువు అడిగి ఇంటికి వచ్చాను. ఆ రాత్రి మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. 1987లో వచ్చిన దేవాదాయ ధర్మాదాయ చట్టం వంశపారంపర్యంగా వస్తున్న అర్చక మిరాశీ హక్కులను రద్దు చేసినది. 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించినది. అర్చక కుటుంబాలకు కొంత ఊరటనిచ్చిన సవరణ 2007లో వచ్చినది. నాన్నగారు దానిని చూడలేదు. 1987లో నేను పాఠశాల నుండి సెలవుకు ఇంటికి వచ్చి ఉన్నాను. ఆ కబురు తెలిసిన రాత్రి నాన్నగారు అన్నం ముట్టలేదు. ముత్తాతల కాలం నుండి మాదన్నది ఒక్క కాగితంతో మాది కాకుండా పోయినది. తెల్లవారుజామున నాలుగింటికి నూతి దగ్గర గిలక చప్పుడుకు మెలకువ వచ్చినది. నాన్నగారు ఎప్పటివలె మడినీళ్లు తోడుతున్నారు. "నాన్నగారూ, ఇక గుడి మనది కాదు కదా?" అని అడిగాను. ఆయన బిందె భుజానికెత్తుకొంటూ, "మిరాశీ మనది కాదన్నారు. అభిషేకం మానమని ఎవరూ అనలేదు" అని గుడి వైపు నడిచారు.

హక్కు పోయినా కర్తవ్యం పోలేదని ఆయన ఆచరించి చూపారు. నేను చేసినది దానికి విపర్యయం. హక్కు వద్దన్న నెపంతో కర్తవ్యాన్ని కూడ వదలిపెట్టాను. నా పేరు మీద వచ్చే నమ్మకానికి కావలి ఉండడం నా పని కాదనుకొన్నాను.

యజమాని అన్న శబ్దం దగ్గర ఎందుకు ఆగానో అప్పుడు స్పష్టమైనది. ఈనాటి తెలుగులో యజమాని అంటే సొంతదారు. యజ్ఞశాలలో ఆ మాటకు మూలమైన యజమానుడు వేరు. ద్రవ్యం ఆయనదే. ఆహుతి పడే ప్రతిసారీ ఇది ఫలానా దేవతది, నాది కాదు అని నోరారా చెప్పి విడిచేవాడు ఆయనే. తనది కానిదానిని ఎవడూ త్యాగం చేయలేడు. సంకల్పంలో తన పేరు చెప్పి, బాధ్యత నెత్తిన వేసుకొని, ఆ తరువాత నాది కాదు అన్నవానిదే త్యాగం. పేరు చెప్పకుండానే నాది కాదు అనడం తప్పించుకోవడమే. మా అబ్బాయితో ఆ సంక్రాంతినాడు నేను అన్నది అదే.

మరునాడు వెళ్లి ఆ గడిలో నా పేరు వ్రాయించాను. ఉపనిషత్తు మాటను మాత్రమే అడగలేదు. ఆ పేరు, మా ఆలయం నంది ప్రక్కన ఉన్న దీపస్తంభం బొమ్మ, మా గ్రామం పేరు కలిపి ఒక కూర్పుగా 16, 41 తరగతులలో దరఖాస్తు చేశాము. అందులోని శ్రుతిపదాల మీద విడిగా ఏ హక్కూ కోరడం లేదని మేమే ముందుగా వ్రాసి ఇచ్చాము. పరీక్ష ముగిసి, అధికారిక పత్రికలో ప్రకటన వచ్చిన తరువాత నాలుగు నెలల లోపల ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చును. ఇది వ్రాసేనాటికి ఇంకా పరీక్షలోనే ఉన్నది. వచ్చినా రాకపోయినా చేయవలసినది చేశాను.

ఆ యువకునికి మళ్లీ ఫోను చేశాను. "నాయనా, నీవు అడిగిన ప్రశ్న సరియైనది. ఆ మాట నాది కాదు, నీది కాదు. కానీ ఆ తల్లి పిలిచినది నన్ను, పలికినది నీవు. ఇకముందు అలా జరుగకుండా ఇద్దరమూ ఏదైనా చేద్దాం" అన్నాను. కొంతసేపు అవతలి నుండి శబ్దం లేదు. తరువాత, "మా ఊరి పేరు కలుపుకుంటానండీ. రసీదు మీద మా చిరునామా కూడ వేస్తాను" అన్నాడు. రెండు నెలలలో అలాగే చేశాడు. మేము కూడ సంచిక పైన మా గ్రామం పేరును పెద్ద అక్షరాలలో వేస్తున్నాము. నోటీసులు, వ్యాజ్యాలు అవసరం కాలేదు. ఒకే శ్రుతి నుండి రెండు ఊళ్లు నీళ్లు తోడుకొంటున్నాయి. ఏ బిందె ఎవరిదో తెలిస్తే చాలు.

ఇటువంటి చిన్న సేవలు నడిపే సాధకులు నన్ను అడుగుతున్నారు గనుక నాలుగు మాటలు. పేరు పెట్టేటప్పుడు కేవలం శ్రుతిపదంతో ఆగక, గురువు పేరో, ఊరి పేరో, ఆలయం పేరో జోడించండి. పెట్టకముందే ట్రేడ్‌మార్కు కార్యాలయం వారి ఆన్‌లైన్ జాబితాలో వెదకి చూడండి, అందరికీ ఉచితమే. మొదటి సంచిక నుండి తేదీలతో ప్రతులు దాచండి. ఎవరు ముందో చెప్పగలిగేవి అవే. నమోదు కాకముందు వలయంలో ఆర్ అక్షరం వేయకండి. చట్టం దానిని నిషేధించినది, 2024 వరకు దానికి మూడేళ్ల దాకా శిక్ష కూడ ఉండేది. వ్యవహారం అటుంచి, అది అసత్యం. ఎవరైనా మీ పేరే వాడుతుంటే, ముందు మనిషితో మాట్లాడండి. చాలామంది దొంగలు కారు. మనవలెనే ఉపనిషత్తు తెరచి, నచ్చిన మాట తీసుకొన్నవారు.

ఇక తత్త్వం మాట. పేరు మనదే అయినా దానిని మనం వాడుకొనేది బహు తక్కువ. ఆత్మనామాన్ని ఊరక ఉచ్చరించరాదని పెద్దలు కూడ అన్నారు. మన పేరును వాడేవారందరూ ఇతరులే. అది పిలిచేవారి సొమ్ము. పిలిచినప్పుడు పలకడం మన పని. మన బదులు వేరొకరు పలుకుతుంటే, 'పేరు మాత్రమే కదా' అని కూర్చోవడం వేదాంతం కాజాలదు. స్వామికి వేయి నామాలు ఉన్నాయి, ఏ పేరుతో పిలిచినా ఆయన పలుకుతాడు. మనం ఆయన కాము. మనకు ఉన్న ఒక్క పేరుకైనా సరిగా పలికితే అదే మనకు చేతనైన ఉపాసన.

ఈ మాఘంలో ఆ తల్లి మళ్లీ వచ్చారు, ఈసారి మనవణ్ణి వెంటబెట్టుకొని. వాడికి తొమ్మిదేళ్లు. గర్భాలయం ఎదుట నిలబెట్టి, "నీ పేరు, గోత్రం నువ్వే చెప్పు. పంతులుగారు వింటారు" అన్నారు. వాడు సిగ్గుపడుతూ చెప్పాడు. నేను దీపం దగ్గర ఆ పేరు పలికాను. ఆమె కళ్లు మూసుకొని వింటున్నారు.

ఇతి శివమ్.